మామ్మ నేర్చిన మాటలు

శాంతమ్మ పెళ్ళయ్యాక అత్తవారింట్లో ఉన్నది పదహారు రోజులు. పదిహేడో రోజున మొగుడు ఐజాక్‌కు బదిలీ కాగితం వచ్చింది. ఆవేళ పార్వతీపురం స్టేషన్లో ఒక రేకుపెట్టె, ఒక చాప, రెండు ఇత్తడి గిన్నెలతో రైలెక్కిన మనిషి, ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో పన్నెండు ఇళ్ళు మారింది.

ఐజాక్ రైల్వేలో పాయింట్స్‌మన్. స్టేషన్లోకి వచ్చే బండి ఏ పట్టా మీదికి పోవాలో కాంటా అనే మీట లాగి మళ్ళించే ఉద్యోగం. ఉద్యోగం చిన్నదే గాని బదిలీలు మాత్రం పెద్ద ఆఫీసర్లకు వచ్చినన్ని వచ్చేవి. విజయనగరానికీ రాయ్‌పూర్‌కూ నడుమ కొండల్లోంచి పోయే ఆ లైను మీద ఒకచోట మూడేళ్ళు, ఒకచోట ఎనిమిది నెలలు. ఒకచోటయితే కట్లు విప్పిన సామాను వారం తిరక్కుండా మళ్ళీ కట్టాల్సి వచ్చింది. చివరికి సిగ్నల్ దీపాల రంగులు పోల్చుకోలేకపోతున్నాడని డాక్టర్లు తేల్చాక, ఐజాక్‌ను రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపుకు పంపి, స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. అలా ఆ వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పన్నెండో ఇంటికి వచ్చి శాంతమ్మ ఆగింది. కొడుకు శామ్సన్‌కు కూడా ఆ వర్క్‌షాపులోనే ఉద్యోగం దొరికింది. అందుకని ఐజాక్ పోయాక కూడా ఆ కాలనీ వదలాల్సిన అవసరం రాలేదు.

ఇవన్నీ మనవరాలు శిల్పకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతులే. తెలిసినవి కాబట్టే ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమేమిటి, మామ్మ మాట్లాడే తీరు చూసి సిగ్గుపడేది కూడాను. శాంతమ్మ కూరలమ్మితో ఛత్తీస్‌గఢీలో బేరమాడేది. మెట్లెక్కేటప్పుడు ఒడియాలో లెక్కపెట్టుకునేది. కోపమొస్తే బెంగాలీలో తిట్టేది. ప్రార్థన మాత్రం పార్వతీపురం తెలుగులో చేసుకునేది. స్కూలు స్నేహితులు ఇంటికొస్తే, మీ దాదీ ఏ ఊరావిడే అని అడిగి నవ్వేవాళ్ళు.

"ఏదో ఒక భాష సరిగ్గా మాట్లాడొచ్చు కదా మామ్మా?" అని శిల్ప విసుక్కునేది.

"ఏ భాషోళ్ళతో ఆ భాష మాటాడితే తప్పేటే గుంటా?" అని శాంతమ్మ తన పనిలో తాను పడిపోయేది.

మామ్మ పోయి ఇప్పటికి ఏడేళ్ళు దాటింది. శిల్పకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. రాయ్‌పూర్‌లోనే దేవేంద్ర నగర్‌లో కాపురం. మామ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ముందుగా మనసులో మెదిలేది 2011వ సంవత్సరం వానాకాలం. అంతకుముందు ఇరవై ఒక్క సంవత్సరాలు ఒకే ఇంట్లో పెరిగి కూడా మామ్మ ఎవరో తనకు తెలియదని ఆ వానాకాలంలోనే ఆమెకు తెలిసింది.

అప్పుడు శిల్ప నర్సింగు చదువు ముగించి రాయ్‌పూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో కొత్తగా చేరింది. ఆడవాళ్ళ ఎముకల వార్డులో డ్యూటీ. ఆ వార్డుకు ఆగస్టు మొదట్లో రైల్వే పోలీసులు ఒక కొండ మనిషిని తీసుకొచ్చారు. యాభై అయిదేళ్ళుంటాయేమో. ముక్కుకు మూడు పోగులు, మొహం మీద పచ్చబొట్టు గీతలు. ఎక్కడ ఎక్కిందో ఏమో, రాయ్‌పూర్‌లో బండి దిగబోయి జనం తోపిడికి ప్లాట్‌ఫాం మీద పడిపోయింది. ఎడమచెయ్యి విరిగింది. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. టికెట్టు లేదు, చేతిలో సంచీ లేదు. పేరేమిటంటే చెప్పదు.

చెప్పకపోవడం కాదు. చెప్పేదేమో గాని ఎవరికీ అర్థమయ్యేది కాదు. హిందీ రాదు. ఛత్తీస్‌గఢీ రాదు. బస్తర్ నుంచి వచ్చిన ఒక వార్డు బాయ్ గోండీలో పలకరించి చూశాడు, హల్బీలో అడిగి చూశాడు. లాభం లేకపోయింది. ఊడ్చే ఆమె ఒడియాలో మాట్లాడితే మొహం గోడవైపు తిప్పేసుకుంది. మూడోరోజు నుంచి అన్నం కూడా ముట్టడం మానేసింది. మంచం మీద పడుకోదు, మంచం పక్కన నేలమీద ముడుచుకుని కూర్చుంటుంది. కట్టు విప్పడానికి ఎవరైనా దగ్గరికెళితే బెదిరిపోయి కుడిచేత్తో నెట్టేస్తుంది. కేసు కాగితం మీద పేరు రాయాల్సిన చోట 'అజ్ఞాత మహిళ' అని రాశారు.

"పాగల్ హై దీదీ. పిచ్చి వార్డుకే పంపేస్తారు చూడండి," అంది ఆయా.

తొమ్మిదో రోజున శిల్ప ఆమెకు సెలైన్ పెడుతూ ఉంటే, ఆమె కిటికీవైపు చూస్తూ తనలో తాను ఏదో గొణుక్కుంది. ఆ గొణుగుడులో ఒక్క మాట శిల్ప చెవికి తగిలింది. 'ఇలు' అంది. మళ్ళీ కొంచెంసేపటికి 'ఇలు' అంది.

"ఇల్లా అమ్మా? ఇంటికెళ్ళాలా? మీది ఏ ఊరు?" అని శిల్ప గబగబా తెలుగులో అడిగింది. ఆమె కళ్ళెత్తి చూసిందే గాని ఏమీ అర్థమైనట్టు లేదు. శిల్ప ఎన్ని రకాలుగా అడిగినా అంతే.

సాయంత్రం ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ ఈ సంగతి తల్లి హెలెన్‌కు చెబుతోంది శిల్ప. "ఆ ఒక్క మాట మన మాటలాగే ఉందమ్మా. కానీ తెలుగు కాదు. తెలుగైతే నాకు తెలిసిపోదూ?"

వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న శాంతమ్మ చేతులు ఆగాయి.

"ఏటన్నాది? మళ్ళీ చెప్పు."

"ఇలు అంది మామ్మా."

"మొహం మీద పచ్చబొట్టుందా? ఇలాగ, బుగ్గలమీద గీతల్లాగ?"

"ఉంది. నీకెలా తెలుసు?"

శాంతమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులూని లేచింది. అప్పటికి ఆమెకు డెబ్భై ఒక్క సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పులతో చర్చికి వెళ్ళడమే కష్టంగా ఉండేది.

"రేపు నీతో వస్తాను. నన్ను తీసుకెళ్ళు," అంది.

శామ్సన్ ఒప్పుకోలేదు. "అమ్మా, ఇదేం జిద్దు? నీ బీపీ ఎంతుందో తెలుసా? ఆ ఆసుపత్రి మెట్లెక్కగలవా? పోలీసులున్నారు, డాక్టర్లున్నారు, వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళకి మాటలు రావు కదరా. ఏటి చూసుకుంటారు?" అని మాత్రం అంది శాంతమ్మ. తెల్లారేసరికి తెల్లచీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

వార్డులోకి తీసుకెళ్ళాక శిల్ప స్టూలు వేసింది. శాంతమ్మ స్టూలు మీద కూర్చోలేదు. మంచం కాలు పట్టుకుని, అబ్బా అబ్బా అంటూ, ఆ కొండ మనిషి పక్కనే నేలమీద చతికిలబడింది. ఆమె మొహంకేసి చూడలేదు. ఆమె ఎటు చూస్తోందో అటే, కిటికీవైపు, తానూ చూస్తూ కొంతసేపు ఊరుకుంది. శిల్పకు లోపల కంగారుగా ఉంది. హెడ్ సిస్టర్ వస్తే ఏం చెప్పాలి?

అప్పుడు శాంతమ్మ ఒక మాట అంది. రెండు మూడు పలుకులున్న చిన్నమాట. శిల్ప పుట్టిన దగ్గరనుంచీ మామ్మ నోట అలాంటి శబ్దం వినలేదు. ఆ మనిషి కదలలేదు. శాంతమ్మ తల అడ్డంగా ఊపుకుంది, తప్పు పలికినట్టు. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ లోలోపల ఏదో సరిచూసుకుంది. మళ్ళీ అంది. ఈసారి చివర కొంచెం సాగదీసి అంది.

ఆ మనిషి మెల్లిగా తల తిప్పింది. శాంతమ్మను చూసింది. తెల్లచీర, కళ్ళజోడు, నెరిసిన జుట్టు. ఆ మాట ఈ మనిషి నోట్లోంచే వచ్చిందా అన్నట్టు కుడిచెయ్యి చాచి శాంతమ్మ గడ్డం పట్టుకుంది. శాంతమ్మ మూడోసారి అదే మాట అంది.

ఆమె ఒక్కసారి బావురుమంది.

ఆ ఏడుపులోంచి మాటలు వరదలాగా వచ్చిపడ్డాయి. శాంతమ్మ రెండు చేతులూ ఎత్తి, నెమ్మది నెమ్మది అన్నట్టు సైగ చేసింది. ఒక మాట పట్టుకుని తిరిగి అడిగింది. అటునుంచి జవాబు. ఇంకో మాట. మధ్యలో శాంతమ్మ ఆగిపోయి నుదురు కొట్టుకునేది. మాట దొరకక చేతులతో చూపించేది. ఆ మనిషి ఆ మాట అందించేది. శాంతమ్మ అది రెండుసార్లు పలికి ముందుకెళ్ళేది. చుట్టూ మంచాల మీద ఉన్న ఆడవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తొమ్మిది రోజులుగా ఇంతమంది తట్టి తట్టి వదిలేసిన తలుపు తన కళ్ళముందే తెరుచుకుంటోంది. తెరుస్తున్నది ఇంట్లో రోజూ చిక్కుడుకాయలు ఒలిచే మామ్మ.

"ఏమన్నావు మామ్మా ముందర?" అంది శిల్ప.

"నీళ్ళు తాగుతావా అన్నాను," అంది శాంతమ్మ. "బేగి నీళ్ళట్రా. అన్నం కూడా తినిపిద్దాం. పేరు సోంబారి అంట."

ఆ మధ్యాహ్నం సోంబారి అన్నం తింది. కట్టు మార్చనిచ్చింది. శాంతమ్మ పక్కనుంటే ఇంజెక్షను కూడా చేయించుకుంది. డాక్టరు వచ్చి, ఈ పెద్దావిడ ఎవరు, ఏ యూనివర్సిటీలో చదివారు అని అడిగాడు. పాయింట్స్‌మన్ గారి భార్య అని శిల్ప చెప్పింది. అలా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి.

తర్వాత నాలుగు రోజులూ శాంతమ్మ ఆటోలో వచ్చి వెళ్ళింది. ఇంట్లో అందరికీ ఆశ్చర్యమే. శామ్సన్‌కు సగం కోపం, సగం ఆశ్చర్యం. ఆ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, శాంతమ్మ తేలిగ్గా చెప్పింది.

"రాయగడ అవతల కొండల్లో ఒక చిన్న స్టేషన్లో మూడేళ్ళున్నాం. రెండే క్వార్టర్లు. ఒకటి మాది, ఒకటి మాస్టారిది. మాస్టారు ఒంటరోడు. మీ నాన్న డ్యూటీకెళ్తే మాటాడ్డానికి మనిషి లేదు. బుధవారం సంతకి కొండమీంచి కోదోళ్ళని కొండజాతోళ్ళ ఆడోళ్ళు దిగేవోరు, మొహాలమీద ఇలాటి పచ్చబొట్లే. మన వరండాలో కూకుని నీళ్ళడిగేవోరు. మాటాడకపోతే నాకు పిచ్చెత్తిపోద్ది కదా, వాళ్ళ మాటే నేర్చుకున్నాను. ఏ ఊరెళ్ళినా అంతే. సామాను ఇప్పకముందే ఒక గిన్నె పట్టుకుని పక్కింటికెళ్ళి ఉప్పో, చింతపండో అడిగీదాన్ని. మనింట్లో ఉన్నా సరే అడిగీదాన్ని. ఇవ్వడానికెళ్తే గొప్పలకొచ్చింది అనుకుంటారు. అడగడానికెళ్తే కూకోమంటారు."

"ఎన్నేళ్ళయింది మామ్మా అక్కడినుంచి వచ్చి?"

"నలభై ఎనిమిది."

నలభై ఎనిమిదేళ్ళు ఒక్కరితోనూ మాట్లాడని భాష! శిల్ప నర్సింగు పరీక్ష రాసిన మూడు నెలలకే చదివినదాంట్లో సగం మర్చిపోయింది.

సోంబారి ఊరి పేరు చెప్పింది. ఆ పేరు పోలీసుల దగ్గరున్న ఏ పటంలోనూ దొరకలేదు. సాహూ మేడం అని రైల్వే పోలీసులో ఒక లేడీ కానిస్టేబుల్ ఉండేది. ఆమె నోటుబుక్కు పట్టుకుని మంచం పక్కన కూర్చుంటే, శాంతమ్మ అడగడం మొదలుపెట్టింది. ఊరి పేరు వదిలేసింది. మీరు దిగే సంత ఏ రోజు? అక్కడ బండి చప్పుడు వినిపిస్తుందా? వాగు స్టేషన్‌కు ఏ పక్క? సోంబారి కుడిచేత్తో గాల్లో కొండలు గీసి చూపించింది. బండి రాకముందు చప్పుడు ఒకసారి వినిపించి ఆగిపోతుందని, మళ్ళీ వినిపిస్తేనే బండి వచ్చేదని చెప్పింది.

శాంతమ్మ ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత సాహూ మేడంతో హిందీలో చెప్పింది. "రాసుకో బేటీ. అక్కడ లైను కొండ చుట్టూ తిరుగుతాది. అందుకే చప్పుడు రెండుసార్లు. ఆ లైన్లో అలాటి స్టేషన్ ఒక్కటే ఉన్నాది." స్టేషన్ పేరు చెప్పింది.

అది తాను మూడేళ్ళు కాపురమున్న స్టేషనే.

సాహూ మేడం ఫోను చేసింది. రెండో రోజుకు కబురు వచ్చింది. కొండమీది ఊళ్ళో ఒక ఆడమనిషి కనిపించకుండా పోయి రెండు వారాలైంది. ఒక పెళ్ళికని బయలుదేరి, జనం తోపులాటలో తనవాళ్ళు ఎక్కిన బండి వదిలి ఎదురు దిక్కుకు పోయే బండెక్కేసింది. కొడుకు రాయగడ వైపంతా తిరిగి వెతుకుతున్నాడు.

"నేను దిగబెట్టి వస్తాను," అంది శాంతమ్మ.

"పోలీసులు తీసుకెళ్తారు కదమ్మా!" అన్నాడు శామ్సన్.

"దార్లో దానికి ఏదైనా కావాలంటే ఎవర్ని అడుగుతాదిరా?"

శామ్సన్ తల పట్టుకున్నాడు. శిల్ప మూడు రోజులు సెలవు పెట్టింది. సోంబారి వచ్చిన పద్దెనిమిదో రోజు పొద్దున్నే, శాంతమ్మ, శిల్ప, సాహూ మేడం, చేతికి కట్టుతో సోంబారి, నలుగురూ రాయ్‌పూర్‌లో బండెక్కారు.

మహాసముంద్ దాటేదాకా సోంబారి శాంతమ్మ కొంగు వదల్లేదు. శాంతమ్మ మాత్రం ఎక్కిన గంటకల్లా పెట్టెలో అందరినీ పలకరించేసింది. ఖరియార్ రోడ్‌లో ఎక్కిన ఒక కుటుంబంతో ఒడియాలో మాట్లాడి పిల్లవాడికి జలుబుకు ఏం వెయ్యాలో చెప్పింది. ఒక్కొక్క స్టేషన్ వస్తుంటే, ఇక్కడ మన క్వార్టరు నీళ్ళ టాంకీ పక్కనుండేది, ఇక్కడ మీ తాతయ్యకి పచ్చకామెర్లు వచ్చినాయి, ఇక్కడే మీ నాన్న పుట్టినాడు అని వేలు పెట్టి చూపించింది. శిల్ప అన్నాళ్ళూ ఊళ్ళ పేర్లుగా విన్నవన్నీ ఇళ్ళుగా, మనుషులుగా కిటికీలోంచి వెనక్కి పోతున్నాయి. ఇన్ని చోట్ల పొయ్యి వెలిగించి, ఇన్ని చోట్ల ఆర్పేసి, ఈ మనిషి ఎక్కడా తునాతునకలైపోలేదే అని ఆమె మామ్మ చేతులకేసి చూసింది. మామూలు చేతులే. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక కొండలు మొదలయ్యాయి. సోంబారి కిటికీ చువ్వలు పట్టుకుని లేచి నిలబడింది. ఒక కొండను చూపించి ఏదో అంది. శాంతమ్మ తిరిగి అంది. ఇంకో కొండ, ఇంకో పేరు. శిల్పకు అర్థమైంది, ఆమె కొండల పేర్లు చెబుతోంది. నాలుగో కొండ మలుపు తిరిగి కనబడుతుండగానే సోంబారి నోరు తెరిచేలోగా శాంతమ్మే దాని పేరు చెప్పేసింది. సోంబారి ఆమె భుజం మీద ఒక్కటి చరిచి పకపకా నవ్వింది. ఆమె నవ్వడం చూడటం శిల్పకు అదే మొదలు.

స్టేషన్లో పదిహేనుమందిదాకా ఎదురు చూస్తున్నారు. పొద్దున్నే కొండ దిగి వచ్చారట. సోంబారి కొడుకు పాతికేళ్ళవాడు, బండి ఆగకముందే పెట్టె వెంట పరుగెత్తాడు. దిగీ దిగగానే సోంబారి వాడి వీపు మీద కుడిచేత్తో నాలుగు దెబ్బలు వేసింది. తర్వాత వాడి మెడ చుట్టూ ఆ చేతినే వేసి, వాడి భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది. ఆడవాళ్ళంతా ఆమెను చుట్టుముట్టారు. సాహూ మేడం కళ్ళు తుడుచుకుంటూ కాగితాల మీద వేలిముద్రలు వేయించింది.

సోంబారి అందరికీ శాంతమ్మను చూపించి ఏదో చెప్పింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి శాంతమ్మను మాట్లాడించి, ఆమె జవాబు వినడం కోసమే మళ్ళీ మళ్ళీ అడిగి, చేతులు పట్టుకున్నారు. పాత రోజుల్లో ఆమెను చూసినవాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు. ఆమె కూడా ఎవరినీ ఆనవాలు అడగలేదు.

తిరుగు బండి సాయంత్రానికి గాని లేదు. సోంబారి వాళ్ళు పొద్దుండగా కొండెక్కాలని బయలుదేరారు. వాళ్ళు వాగు దాటేదాకా చూసి, శాంతమ్మ శిల్ప చెయ్యి పట్టుకుంది.

"పద, కొంచెం అలాగ నడుద్దాం."

స్టేషన్ వెనక రెండు పాత క్వార్టర్లున్నాయి. కప్పు కూలిపోయింది. గోడల్లో చెట్లు మొలిచాయి. శాంతమ్మ వాటికేసి ఒకసారి చూసి ఆగకుండా ముందుకు నడిచింది. క్వార్టర్ల వెనక కొంతదూరం పోయాక, కొత్తగా వేసిన ఇంకో పట్టా కోసం ఎత్తు చేసిన మట్టికట్ట అడ్డం వచ్చింది. శాంతమ్మ దాని ముందు నిలబడింది. కుడివైపు కొండను చూసుకుంది, ఎడమవైపు క్వార్టరు గోడను చూసుకుంది. రెండడుగులు పక్కకు జరిగింది.

"ఇక్కడే," అంది.

"ఏమిటి మామ్మా?"

"నాకొక ఆడపిల్ల ఉండేదే. మీ నాన్న కన్నా ముందు. నాలుగేళ్ళది. మూడు రోజుల జొరం. నాలుగోరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే బండి లేదు, కొండచరియ పడిపోయి లైను బందయిపోయినాది. కోదోళ్ళ ఆడోళ్ళు ఇద్దరు రాత్రీ పగలూ నా పక్కనే కూకున్నారు. వాళ్ళే తవ్వేరు కూడా. పాస్టరు లేడు. మీ తాతయ్యే వాక్యం చదివేడు." క్వార్టరు గోడవైపు తిరిగింది. "ఇరవై రోజులకి బదిలీ వచ్చినాది."

శిల్ప మామ్మ భుజాల చుట్టూ చెయ్యి వేసింది. వార్డులో చావులు చూసింది. ఏడ్చేవాళ్ళను ఓదార్చింది. ఇరవై రోజుల మట్టిని వదిలేసి సామాను కట్టిన మనిషిని ఎలా ఓదార్చాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"వెళ్ళనని అనలేదా మామ్మా?"

"అన్నాను. ఉద్యోగం పోద్ది అన్నాడు. సామాను కట్టేను. మరో ఊరెళ్ళేను. గిన్నె పట్టుకుని పక్కింటికెళ్ళి ఉప్పడిగేను." శాంతమ్మ మట్టికట్ట మీదికి చూసింది. "పేరెత్తితే మీ తాతయ్య రెండేసి రోజులు అన్నం మానీసేవాడు. అందుకని ఎత్తడం మానేసేను. తర్వాత మీ నాన్న పుట్టేడు. చిన్నోడికి ఎందుకు చెప్పడం అనుకున్నాను. అలాగే ఉండిపోయినాది."

పట్టా మీదుగా ఒక గూడ్సు బండి వచ్చింది. ముందు చప్పుడు వినిపించింది. కొండ వెనక్కి పోయి ఆగిపోయింది. మళ్ళీ వినిపించింది. ఆ పొడుగాటి బండి మొత్తం వెళ్ళేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"ఇన్నేళ్ళూ ఒక్కర్తే ఉండిపోయిందనుకున్నాను," అంది శాంతమ్మ చివరి పెట్టె దాటాక. "రోజూ ఇంతమంది పోతన్నారు పక్కనుంచి."

ఆమె ఏడవలేదు. వంగి, మట్టి మీద అరచెయ్యి ఆనించి, పెదాలు కదిపింది. అది పార్వతీపురం తెలుగో, కొండల భాషో శిల్పకు వినపడలేదు. తర్వాత శిల్ప చేతిని ఆసరా చేసుకుని లేచి స్టేషన్‌వైపు తిరిగింది. ఆ నడకలో తొందర లేదు, తడబాటు లేదు. శిల్ప ఒక అడుగు వెనక నడిచింది. పక్కన నడవడానికి ఆ క్షణంలో ఆమెకు మనసొప్పలేదు. చర్చిలో పీఠం ముందుకు వెళ్ళేటప్పుడు పాదాలు వాటంతటవే నెమ్మదించినట్టు, ఆమె నడక నెమ్మదించింది.

"నాన్నకు చెప్పనా మామ్మా?" అని బండెక్కాక అడిగింది.

"నేనే చెప్తాను."

మర్నాడు పొద్దున శామ్సన్ ఆటో తీసుకుని స్టేషన్‌కు వచ్చాడు. తల్లి మోకాళ్ళు వాచిపోయి ఉండటం చూసి దారి పొడుగునా సణిగాడు. బీపీ మాత్ర వేసుకున్నావా, అక్కడ నీళ్ళు ఏం తాగావు, నా మాట ఎప్పుడు విన్నావు గనక అంటూ. శాంతమ్మ అన్నిటికీ ఊఁ కొట్టింది. ఇంటికొచ్చి, స్నానం చేసి, హెలెన్ ఇచ్చిన టీ తాగాక కొడుకును పిలిచింది.

"శామ్సనూ, ఇలా కూకో. నీకొక అక్క ఉండేది."

శామ్సన్ డ్యూటీకి వెళ్ళడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి గుండీ మీదే ఉండిపోయింది. తల్లికేసి చూశాడు, శిల్పకేసి చూశాడు. శిల్ప తల ఊపింది. నలభై ఏడేళ్ళ మనిషి, వర్క్‌షాపులో ముప్ఫైమందిచేత పని చేయించేవాడు, మెల్లిగా వచ్చి తల్లి మంచం పక్కన, చాప మీద కూర్చున్నాడు.

"పేరేమిటమ్మా?"

శాంతమ్మకు ఆ పేరు వెంటనే నోటికి రాలేదు. కొండభాషలో మొదటి మాట కోసం వెతుక్కున్నట్టే ఒకసారి కళ్ళు మూసుకుంది.

"అమూల్య," అంది.

"అమూల్య," అన్నాడు శామ్సన్. "ఎలా ఉండేది?"

"చెవులు నీలాగే. ఇంతింత. బండి చప్పుడు మీ నాన్న కన్నా ముందు దానికే వినబడీది. నాన్నా బండీ, నాన్నా బండీ అని అరిచీది. సంతకొచ్చిన ఆడోళ్ళు దాన్ని చంకన వేసుకుని తిప్పీవోరు. నాకు రాని మాటలు దానికే ముందొచ్చేవి. సగం మాటలు నేను దాని దగ్గరే నేర్చుకున్నాను..."

చెబుతూనే ఉంది. శామ్సన్ డ్యూటీ వేళ దాటిపోయింది. హెలెన్ వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ పొయ్యి మీద పాల సంగతి మర్చిపోయింది. శిల్ప మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, వాచిన మోకాళ్ళకు నొప్పుల నూనె మెల్లిగా రాస్తూ వింటోంది.